చలి ముదరకముందే చెరువు సంగతి చూసుకోండి

పెరట్లో చిన్న చెరువో, నీళ్ల తొట్టో పెట్టుకున్నవాళ్లం చలికాలంలో చేపలు చచ్చిపోతే చలినే తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు చలిది కాదు. అడుగున కుళ్లుతున్న ఆకులది, జాలిపడి వేసిన మేతది, శుభ్రం చేద్దామని ఒక్కపూటలో మార్చేసిన నీళ్లది. చేయాల్సినవన్నీ చలికి ముందే చేసేసి, ఆ తర్వాత వీలైనంత తక్కువ కదిలించడం మేలు.

ముందుగా నీళ్లలో ఒక థర్మామీటర్ వేయండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. రెంటికీ మధ్య ఏడెనిమిది డిగ్రీల తేడా కనిపిస్తే అది కాస్త టెన్షన్ పడాల్సిన విషయమే. చేపలకు సొంత ఒంటివేడి ఉండదు, నీళ్లెంత ఉంటే అవీ అంతే. మెల్లగా చల్లబడే నీళ్లకు అలవాటు పడతాయి గానీ రోజూ ఇలా పైకీ కిందికీ ఊగితే నీరసిస్తాయి, రోగాలకు లొంగిపోతాయి. చిన్న తొట్టిలో ఈ ఊపు ఎక్కువ. తొట్టి కింద థర్మాకోల్ పలక వేసి, చుట్టూ గోనెపట్టా చుట్టి, రాత్రిపూట పైన సగం మూస్తే చాలావరకు తగ్గుతుంది. మొత్తం మూసేయకండి, గాలి ఆడాలి.

గప్పీలు, మోలీలు, బెట్టాలు వేడి నీళ్ల చేపలు. నీళ్లు 20 డిగ్రీల దగ్గరకు వస్తున్నాయంటే వాటిని ఇంట్లోకి తెచ్చేయండి, అవి మూలన నక్కేదాకా ఆగొద్దు. గోల్డ్ ఫిష్, కోయి, మెడాకా మాత్రం చలిని తట్టుకుంటాయి. నీళ్లు గడ్డకట్టే చోట మాత్రం లోతు తప్పనిసరి: చిన్న గోల్డ్ ఫిష్‌కైనా కనీసం రెండడుగులు ఉండాలి, కోయికి ఇంకా ఎక్కువ కావాలి.

ఇక మేత. నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే. ఒక చలికాలం గోల్డ్ ఫిష్‌లు అడుగున కదలకుండా ఉంటే ఆకలితో ఉన్నాయేమోనని రోజూ గుప్పెడు వేశాను. అవి ముట్టలేదు. నాలుగో రోజుకి గింజలు ఉబ్బి, దూదిలా తెల్లటి బూజు పట్టాయి. నీళ్లు వాసన కొట్టాయి. రెండు చేపలు పోయాయి. చల్లటి నీళ్లలో చేప అరుగుదల మందగిస్తుంది, వ్యర్థాలను శుభ్రం చేసే బాక్టీరియా కూడా మందగిస్తుంది. తినని మేత కుళ్లి, చేపలకు విషమైన అమోనియాగా మారితే దాన్ని విరగ్గొట్టే దిక్కుండదు. నీళ్లు 15 డిగ్రీలకు దిగితే మేత సగానికి తగ్గించండి, తేలిగ్గా అరిగేదే వేయండి. 10 కంటే తగ్గితే పూర్తిగా ఆపేయండి. శరదృతువులో బాగా తిన్న గోల్డ్ ఫిష్ నెలల తరబడి మేత లేకుండా ఉండగలదు.

ఆకులు రాలడం మొదలవకముందే పైన వల కట్టండి. అడుగున పేరుకున్న బురదను సగం తీసేస్తే చాలు, మొత్తం గీకి తోమాల్సిన పనిలేదు.

మొక్కల్లో ఒక్కోదానిదీ ఒక్కో తీరు. కలువకు ఎరువు మాత్రలు ముందే ఆపేసి, పసుపెక్కిన ఆకుల్ని మొదటికంటా కోసేయండి. చలిని తట్టుకునే రకాల దుంప గడ్డకట్టకుండా ఉంటే చాలు కాబట్టి కుండీని లోతుకు దించేయవచ్చు. ఉష్ణమండలపు రకాలైతే దుంపలు తీసి తడి ఇసుకలో, మంచు తగలని చోట దాచుకోవాలి. తామర కాడల్ని మాత్రం నీళ్లకు పైనే కోయండి. ఆ కాడలు బోలు గొట్టాలు, నీటి కింద కోస్తే లోపలికి నీళ్లు దిగి దుంప కుళ్లొచ్చు. గుర్రపు డెక్క, అంతర తామర మంచు పడితే నల్లబడి మెత్తగా అయిపోతాయి. ఆశ పెట్టుకోకుండా తీసేయండి, లేకపోతే అవే కుళ్లి చేపల ఆక్సిజన్ తినేస్తాయి.

పైన మంచుగడ్డ కట్టే ప్రాంతాల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది కాబట్టి అడుగు పొర ఆ వేడి దగ్గరే నిలుస్తుంది, చేపలు చేరేది అక్కడికే. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్‌ను అడుగున పెడితే ఆ పొర చెదిరిపోతుంది. సగం లోతులో, ఒక పక్కకు పెట్టండి. మంచు కప్పేసిన చోట విషవాయువులు బయటికి పోవడానికి ఒక కన్నం తెరిచి ఉండాలి. దాన్ని సుత్తితో కొట్టి చేయొద్దు, ఆ అదురు చేపలకు దెబ్బే. వేడినీళ్ల గిన్నెను గడ్డ మీద కూర్చోబెడితే నెమ్మదిగా కరుగుతుంది. మరిగే నీళ్లు నేరుగా పోయకండి.

చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు కనిపిస్తే వేరే తొట్టిలోకి మార్చి మందు వేయండి. వేడి నీళ్లలో కొద్ది రోజుల్లో ముగిసే ఆ పరాన్నజీవి జీవితచక్రం చల్లటి నీళ్లలో వారాల తరబడి సాగుతుంది. చుక్కలు పోయాయని మందు మధ్యలో ఆపితే మళ్లీ వస్తాయి. పాత చెరువులోనూ అదే పురుగు ఉంటుందని మర్చిపోకండి.

చలి వెనక్కి తగ్గాక ఒక ఎండ రోజు చూసి మేత మొదలుపెట్టకండి. వరసగా వారం రోజులు పొద్దుటి నీళ్లు 10 డిగ్రీలు దాటి ఉండి, చేపలు వాటంతటవే పైకి వస్తుంటే అప్పుడు చిటికెడు వేసి, రెండు నిమిషాల్లో అయిపోయిందో లేదో చూడండి.