జేడ్ లోలాకులు ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

జేడ్ పూస అంత తేలిగ్గా పగలదు. లోలాకు పాడయ్యేది పూస వల్ల కాదు, దాని నెత్తిమీద ఉండే అర అంగుళం తీగ వల్ల. బాగుచేసి పెట్టమని ఇరుగుపొరుగు నా దగ్గరికి తెచ్చేవాటిలో దాదాపు అన్నిటిదీ ఒకటే జబ్బు. తీగను గుండ్రంగా ఒక చుట్టు తిప్పి వదిలేసి ఉంటారు, మిగిలిన కొసను ఆ చుట్టు కింద చుట్టి మెలి వేసి ఉండరు. జుట్టుకు తగులుకున్నా, పైటకు పట్టుకున్నా ఆ చుట్టు నోరు తెరుస్తుంది.

నేనూ మొదట్లో అలాగే చేసేదాన్ని. ఒక ఏడాది బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ చూడడానికి మా అక్క కూతురు నేను చేసిన లావెండర్ జేడ్ లోలాకులు పెట్టుకుని కొండకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఒక చెవికి ఉత్త హుక్కు వేలాడుతోంది. మాడవీధుల్లో ఆ జనం మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల పూసను వెతికేదెవరు? స్వామికి ముడుపు చెల్లిందనుకోమని మా అమ్మ సర్దిచెప్పింది. ఆ తర్వాత ఉత్త చుట్టుతో ఒక్క లోలాకు కూడా నా చేతి నుంచి బయటికి వెళ్లలేదు.

కావలసినవి

8 మిల్లీమీటర్ల జేడ్ పూసలు రెండు, చిన్న వెండి పూసలు నాలుగు, ఒక చివర గుండు ఉన్న రెండంగుళాల వెండి పిన్నులు రెండు, ఒక జత హుక్కులు. పిన్ను 22 గేజి ఉండాలి, అంటే సుమారు 0.64 మిల్లీమీటర్ల మందం. 925 వెండి (నూటికి 92.5 పాళ్లు వెండి) అడగండి, మేలిమి వెండి మరీ మెత్తన. గుండ్రటి ముక్కు పట్టకారు, చదును ముక్కు పట్టకారు, ఒక కటింగ్ ప్లయర్. అంతే. ఇరవై పనిముట్ల పెట్టె కొనిపించాలని చూసేవారి మాట వినకండి.

పూస కొనేటప్పుడు పిన్ను వెంట తీసుకెళ్లండి. కొన్ని పూసల రంధ్రం ఎంత సన్నగా ఉంటుందంటే ఇంటికొచ్చాక పిన్ను దూరదు.

ఏ జేడ్, ఏ రంగు

ముందు ఒక మాట. జేడ్‌ను పచ్చ అనకండి. పచ్చ అంటే మరకతం. మన ఊళ్లో పెద్దవాళ్లు చెప్పుకునే తిరుమల శ్రీవారి నగల్లోని గరుడమేరు పచ్చకూ దీనికీ సంబంధం లేదు. జేడ్ అనే పేరు కిందనే రెండు వేర్వేరు ఖనిజాలున్నాయి, జేడైట్, నెఫ్రైట్. రెండూ ఒకటి కాదని ఫ్రెంచి శాస్త్రవేత్త అలెక్సిస్ దమూర్ 1863లో తేల్చాడు. మేలురకం జేడైట్ ఎక్కువగా మయన్మార్‌లోని కచిన్ ప్రాంతం నుంచి వస్తుంది.

దుకాణంలో గుత్తులుగా వేలాడే చవక దండల్లో ఉండేది చాలాసార్లు ఈ రెండూ కాదు. ‘ఇండియన్ జేడ్’ అంటే అవెంచురిన్, అభ్రకం రేకులు మెరిసే ఆకుపచ్చ క్వార్ట్జ్ (పలుగురాయి). ‘మలేషియా జేడ్’ రంగు అద్దిన క్వార్ట్జ్. ‘న్యూ జేడ్’ అంటే సర్పెంటైన్, ఇది జేడ్ కంటే మెత్తని రాయి. వాటితో లోలాకులు చేసుకుంటే తప్పేమీ లేదు, ధర కూడా క్వార్ట్జ్ ధరే అయినంతవరకు.

తేడా పట్టుకోవడానికి నేను తూకాన్నే నమ్ముతాను. పది పూసలు సరిగ్గా 8 మిల్లీమీటర్లవైతే జేడైట్ దాదాపు 9 గ్రాములు తూగుతుంది, క్వార్ట్జ్ 7 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది, నెఫ్రైట్ ఆ మధ్యలో ఉంటుంది. పూసల కొలత సరిచూడకుండా తూకం వేస్తే మాత్రం మీరే మోసపోతారు. అద్దకం సంగతి భూతద్దంతో తెలుస్తుంది, రంధ్రం చుట్టూ, సన్నని పగుళ్ల వెంట రంగు చిక్కగా పేరుకుని కనిపిస్తుంది. కత్తితో గీసి చూడమని సలహా ఇచ్చేవారి చేతికి మీ పూస ఇవ్వకండి.

రంగుల్లో ఆకుపచ్చ ఒక్కటే జేడ్ అనుకోవడం మన దగ్గర పెద్ద పొరపాటు. లావెండర్, తెలుపు, పసుపు, ఇటుక ఎరుపు, నలుపు అన్నీ ఉన్నాయి. జేడైట్‌లో మెరిసే ఆకుపచ్చ క్రోమియం వల్ల వస్తుంది, నెఫ్రైట్‌లో పాలకూర లాంటి ముదురు ఆకుపచ్చ ఇనుము వల్ల. ఆకుపచ్చకు వెండి, లావెండర్‌కు బంగారం. ఇందులో చర్చ లేదు.

జతను పగటి వెలుతురులో, తెల్ల గుడ్డ మీద పెట్టి ఎంచుకోండి. దుకాణంలోని పసుపు దీపం కింద రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, వీధిలోకి వచ్చి చూస్తే ఒకటి మామిడాకు, ఒకటి వేపాకు. అలాగని అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నా అనుమానించాలి. అసలు రాయిలో మబ్బుల్లాంటి చారలు కాస్త అటూఇటూగా ఉంటాయి, అదే దాని అందం.

రూపాల గురించి ఎక్కువ చెప్పను. దుద్దులకు రాయిని పొదగాలి, అది కంసాలి పని. మధ్యలో చిల్లు ఉన్న చక్రాల లోలాకులు పొడవాటి మెడకు బాగుంటాయి. చైనాలోని ఇన్నర్ మంగోలియాలో, శింగ్‌లుంగ్వా అనే ప్రాచీన సంస్కృతి తవ్వకాల్లో దాదాపు 8,000 ఏళ్ల నాటి జేడ్ చెవిపోగులు దొరికాయి. ఒకవైపు చీలిక ఉన్న చిన్న రాతి వలయాలవి. వాళ్లకు హుక్కు లేదు, మెలి లేదు, మనకున్న తిప్పలూ లేవు. కొత్తగా నేర్చుకునేవారు మాత్రం గుండ్రటి పూస ఒక్కటే వేలాడే లోలాకుతో మొదలుపెట్టాలి.

గుచ్చడం

పిన్నుకు ముందు వెండి పూస, తర్వాత జేడ్, మళ్లీ వెండి పూస. చిన్నపిల్లలు కూడా చేయగలరు. ఆ వెండి పూసలు సోకు కోసం కాదు, ఎందుకో కింద తెలుస్తుంది.

మెలి

ఇక్కడ ఫోను పక్కన పెట్టండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి రండి.

పై వెండి పూసకు ఆనించి, తీగను చదును పట్టకారు కొనతో పట్టుకోండి. ఆ కొన వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు ఉండాలి. పట్టకారు పైఅంచు మీదుగా తీగను వేలితో పక్కకు వంచండి, లంబకోణంలో. పట్టకారు తీసేస్తే పూసకూ వంపుకూ మధ్య 2 మిల్లీమీటర్ల మెడ మిగులుతుంది. లోలాకు ప్రాణమంతా ఈ మెడలోనే ఉంది. దీన్ని వదలకుండా పూసను ఆనించే వంచేస్తారు చాలామంది. తర్వాత చుట్లు వేయడానికి చోటుండదు, బలవంతంగా వేస్తే తీగ పూసను నొక్కుతుంది.

జేడ్ దెబ్బకు ఆగుతుంది, నిజమే. నెఫ్రైట్ లోపల సన్నని పోగులు అల్లుకుపోయి ఉంటాయి కాబట్టే న్యూజిలాండ్‌లో మావోరీలు దానితో ఉలులు, గొడ్డళ్లు చేసుకున్నారు. కానీ గొడ్డలికి మధ్యలో మిల్లీమీటరు రంధ్రం లేదు. పూసలో రంధ్రం అంచు పలచన, తీగ బిగిస్తే అక్కడే పెచ్చు లేస్తుంది. ఆ నొక్కుడు రాయి మీద పడకుండా వెండి పూస అడ్డుంటుంది. ఖర్చు తగ్గుతుందని దాన్ని మానేసేవారికి నేను చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు గుండ్రటి ముక్కు పట్టకారుతో వంపు దగ్గర పట్టుకుని, తీగను పై దవడ మీదుగా అవతలికి తిప్పండి. అక్కడ ఆగండి. అదే పట్టుతో పూర్తిగా తిప్పేయాలని చూస్తే కింది దవడ అడ్డొచ్చి చుట్టు కోడిగుడ్డులా అవుతుంది. పట్టకారు తీసి, కింది దవడను చుట్టులోకి పోనిచ్చి, మిగిలిన సగం తిప్పండి. తోక, అంటే మిగిలిన తీగ కొస, మెడకు అడ్డంగా వచ్చి నిలబడాలి.

హుక్కు ఎక్కించవలసింది ఇప్పుడే, మెలి వేయకముందే. మెలి వేశాక హుక్కు వలయాన్ని తెరిచి తగిలించే పద్ధతి ఒకటుంది, ఎక్కువమంది అదే చేస్తారు. పైన మెలి ఎంత గట్టిగా ఉంటే ఏం లాభం, హుక్కు వలయం నోరు తెరిస్తే? అందుకే నేను వలయం అతుకు వేసి మూసిన హుక్కులే కొంటాను.

చదును పట్టకారుతో చుట్టును అడ్డంగా, నలగకుండా పట్టుకోండి. రెండో చేత్తో తోకను పట్టి మెడ చుట్టూ తిప్పండి, పైనుంచి పూస వైపుగా, ఒక చుట్టు పక్కన మరో చుట్టు. మూడు చుట్లు చాలు. రెండు తక్కువ, అయిదు ఆర్భాటం. తిప్పుతున్నప్పుడు తీగను లాగి పట్టాలి కానీ పిండకూడదు. ఒక చుట్టు మరోదాని మీదికి ఎక్కితే వెనక్కి విప్పి సరిచేద్దామనిపిస్తుంది. ఒక్కసారైతే ఫరవాలేదు. వెండి తీగ వంచినకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది, మూడోసారికి మెడ దగ్గర పుటుక్కుమంటుంది. పిన్ను పారేసి కొత్తది తీసుకోండి, పూసకేమీ కాదు.

తోక కత్తిరించేటప్పుడు దాన్ని వేలితో పట్టుకోండి, లేకపోతే ముక్క ఎగిరి కంటికి తగులుతుంది. మెడకు వీలైనంత దగ్గరగా కత్తిరించి, మిగిలిన మొనను పట్టకారు కొనతో లోపలికి అదమండి. తర్వాత చీర కొంగు తెచ్చి మెలి మీద రుద్దండి. పోగు లేచిందంటే మొన ఇంకా బయటే ఉంది. జిగురు చుక్క వేసి కప్పేసేవారిని చూశాను. ఆరాక ఆ జిగురు రాయి మీద తెల్లటి మసకలా మిగిలిపోతుంది.

రెండో లోలాకు చేసేముందు ఒక జాగ్రత్త. గుండ్రటి పట్టకారు దవడ కొనకు వచ్చేసరికి సన్నబడుతుంది, కాబట్టి చుట్టు సైజు మీరు ఎక్కడ పట్టుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటిదానికి వాడిన చోట స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి. గీత పెట్టని రోజున నాకు ఇప్పటికీ ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వస్తాయి.

వాడకం

హుక్కు వెనక చిన్న రబ్బరు బిరడా పెట్టుకోండి. సెంటు, తలనూనె అయ్యాకే లోలాకులు. వెండి నల్లబడితే మనం విభూతితో తోముతాం కదా, హుక్కు వరకు తోమండి, పూస దగ్గర వద్దు. విభూతి రంధ్రంలోకి దూరి గట్టిపడితే సూదితో తీయాల్సి వస్తుంది. పూసకు గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. రవ్వల దుద్దులతో కలిపి ఒకే డబ్బాలో వేయకండి, వజ్రం జేడ్‌ను గీసేస్తుంది.