బీజీఎంఐ: గన్ మార్చే ముందు గోడ చూడండి

“ఏకేఎం వేస్ట్ అన్నా”, “ఎం416ను నెర్ఫ్ చేసినారబ్బా”. సాయంత్రం కర్నూలు రాజ్‌విహార్ దగ్గర ఏ టీ అంగడిలో నిలబడినా ఇవే మాటలు. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే ఫోన్ షూటింగ్ గేమ్‌లో ఏకేఎం, ఎం416 రెండూ గన్‌లు; నెర్ఫ్ అంటే గేమ్ చేసేవాళ్లు గన్ బలం తగ్గించడం. వీటిలో చాలావాటికి గన్‌తో సంబంధమే ఉండదు. ట్రైనింగ్ గ్రౌండ్‌లో గోడకు 50 మీటర్ల దూరంలో నిలబడి, రెడ్‌డాట్ (దగ్గరి గురికి వాడే స్కోప్) పెట్టి, ఎం416తో 30 బుల్లెట్లూ ఒకే స్ప్రేలో, అంటే వేలు ఎత్తకుండా వరుసగా కొట్టండి. గోడ మీద గుర్తులు చూస్తే తప్పెక్కడో తెలిసిపోతుంది.

“బుల్లెట్లన్నీ పైకే పోతాండాయి”

గుర్తులు నిలువు గీతలా పైకి పాకితే మీ బొటనవేలు కిందికి లాగడం చాలట్లేదు. ఇక్కడ చాలామంది వెళ్లి కెమెరా సెన్సిటివిటీ (వేలు కదిపితే చూపు ఎంత తిరగాలనే సెట్టింగ్) మారుస్తారు. దానికీ రీకాయిల్‌కూ (కాల్చేటప్పుడు గన్ ఎగిరే ఊపు) సంబంధం లేదు, అది కాల్చనప్పుడు చూపు తిప్పడానికి. కాలుస్తూ వేలు లాగేటప్పుడు పనిచేసేది ఏడీఎస్ (స్కోప్‌లోంచి గురి పెట్టడం) సెన్సిటివిటీ. దాన్నే ఒక్కో స్కోప్‌కు విడివిడిగా కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతిసారీ గోడకు కొట్టి చూసుకోండి. గుర్తులు కిందికి దిగజారితే ఎక్కువ పెంచినట్టు. జైరో (ఫోన్‌ను వంచి గురి తిప్పడం) వాడేవాళ్లు ఏడీఎస్ జైరోస్కోప్ సెన్సిటివిటీ చూసుకోవాలి. ఫోన్‌లో అసలు జైరో సెన్సర్ లేకపోతే మాత్రం ఆ సెట్టింగ్‌తో కుస్తీ పట్టొద్దు.

గుర్తులు కుడీ ఎడమా చెదిరితే అటాచ్‌మెంట్ చూడండి. గన్ మూతికి కాంపెన్సేటర్‌తో పాటు కింద హాఫ్ గ్రిప్ గానీ యాంగిల్డ్ గ్రిప్ గానీ పెడితే పక్క ఊపు తగ్గుతుంది. సప్రెసర్ శబ్దాన్నీ మంటనూ దాస్తుందే తప్ప రీకాయిల్‌ను పైసా కూడా తగ్గించదు. స్టైల్ కోసం అది తగిలించి గన్‌ను తిడితే ఏం లాభం? కూర్చుని కాల్చినా ఊపు తగ్గుతుంది.

గుర్తులు రెండు మూడు గుంపులుగా పడి మధ్యలో ఖాళీ ఉంటే ఫ్రేమ్‌లు పడిపోతున్నాయి, అంటే స్క్రీన్ మీద బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. మే నెలలో ఇక్కడ 42 డిగ్రీల ఎండ. ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి ఆడితే వేడికి ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. చార్జర్ పీకేసి, పౌచ్ తీసేసి, గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టండి. చెమటకు వేలు ఆగి ఆగి జారినా ఇలాగే పడతాయి, వేలికి కాస్త పౌడర్ రాస్తే సరి.

“ఏకేఎంతో గెలవలేకున్నాం”

దానికి గ్రిప్ పట్టదు, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) పట్టదు. ఒక్కో బుల్లెట్ దెబ్బ ఎం416 కన్నా గట్టిది, కానీ బుల్లెట్‌కూ బుల్లెట్‌కూ మధ్య 0.1 సెకను. ఎం416కు అది 0.086. ఇంటి లోపల, మెట్ల మీద ఏకేఎం రాజు. మిద్దె మీద నుంచి ఎదురు మిద్దెకు స్ప్రే కొడితే మాత్రం ఓడిపోతారు, అక్కడ ఒక్కొక్కటిగా ట్యాప్ చేయండి.

“పరిగెత్తేవానికి ఒక్కటీ తగల్లేదు”

ఎం416 బుల్లెట్ వేగం సెకనుకు 880 మీటర్లు. 200 మీటర్ల దూరం చేరేసరికి పావు సెకను దగ్గర పడుతుంది. ఆలోపు వాడు మీటరుకు పైగా ముందుకు పోయుంటాడు. వాని మీద కాదు, వాడు పోయే చోట గురి పెట్టండి. ఏకేఎం బుల్లెట్ 715 మీటర్లే, ఇంకాస్త ముందుకు పెట్టాలి.

గోడ మీద అంతా బాగుండి మ్యాచ్‌లోనే తగలకపోతే పింగ్ (నెట్ సిగ్నల్ గేమ్ సర్వర్‌కు పోయి రావడానికి పట్టే సమయం) చూడండి. హాస్టల్ వైఫైలో నలుగురు వీడియోలు చూస్తుంటే ఏ గన్నూ పనిచేయదు, మొబైల్ డేటాకు మారండి.

“తలకు కొట్టినా సావలేదు, హ్యాకర్”

హ్యాకర్ కాదప్పా, లెవెల్ 3 హెల్మెట్. అది దెబ్బలో 55 శాతం ఆపుతుంది, లెవెల్ 2 అయితే 40. కార్98కే అనే స్నైపర్ గన్ లెవెల్ 2ను ఒక్క దెబ్బతో పడగొడుతుంది, లెవెల్ 3ను పడగొట్టలేదు. దానికి ఎయిర్‌డ్రాప్‌లో (విమానం పడేసే పెట్టెలో) దొరికే ఏడబ్ల్యూఎం లాంటి స్నైపర్ కావాలి. లేదంటే తలకు ఒకటి తగిలిన వెంటనే బోల్ట్ లాగుతూ కూర్చోకుండా ఎం416 తీసి మీదికి పోండి, వాడు మెడికిట్ వాడేలోపు.