మూతబడ్డ భవనంలో ఏడాది పాటు పేట పనులు: చెన్నైలో దరఖాస్తు విధానం

పెరంబూరు, పాత చాకలిపేట, షావుకారుపేట, రాయపురం... తెలుగువాళ్లున్న ఏ పేటలోనైనా తాళం పడిన భవనం ఒకటి కనబడుతుంది. పిల్లలు తగ్గి మూసేసిన తెలుగు బడి కావచ్చు, వాటాలు తేలని ఉమ్మడి ఇల్లు కావచ్చు, ధర్మకర్తలు పట్టించుకోని సత్రం కావచ్చు. దాన్ని కొన్నాళ్లు తెరిపించి సాయంత్రం తెలుగు తరగతులకో, పేట పాత ఫొటోల ప్రదర్శనకో, పెద్దవాళ్లు కూర్చుని పేపరు చదువుకోవడానికో వాడుకోవాలనుకునే సంఘాల కోసం ఈ వివరాలు.

దీనికంటూ ఒకే ఫారం, ఒకే కౌంటరు చెన్నైలో లేవు. యజమాని రాసిచ్చే లైసెన్సు (వాడుకోవడానికి అనుమతి పత్రం) ఒకటి, ఇంజనీరు ఇచ్చే పటిష్ఠత సర్టిఫికెట్ ఒకటి కావాలి. ఆ తర్వాత వాడకాన్ని బట్టి అగ్నిమాపక శాఖ, ఈబీ (కరెంటు బోర్డు), పోలీసుల దగ్గరికి వెళ్లాలి. ఏ కాగితం ముందు, ఏది వెనక అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. వరస తప్పితే ఇంజనీరుకు ఫీజు కట్టాక అసలు యజమాని ఇంకెవరో అని తేలుతుంది.

యజమాని ఎవరు?

వీధిలో అందరూ "అది కార్పొరేషన్‌దే" అంటారు. ఆ మాట మీద దరఖాస్తు పెట్టకండి. కార్పొరేషన్ బడి నడిచిన భవనం దేవస్థానం స్థలంలో అద్దెకు ఉండి ఉండొచ్చు. ముందు తలుపు నంబరు చూడండి. చెన్నైలో చాలా ఇళ్లకు పాత నంబరు, కొత్త నంబరు అని రెండుంటాయి. రెండూ రాసుకోండి. ఆస్తి పన్ను రికార్డులో ఒకటి, దస్తావేజులో ఇంకొకటి ఉండటం మామూలే. తర్వాత టౌన్ సర్వే నంబరు, బ్లాకు నంబరు పట్టుకుని టౌన్ సర్వే రిజిస్టరు నకలు తీయండి. అదే నంబరుతో రిజిస్ట్రేషన్ శాఖ పోర్టల్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల పట్టిక) చూడండి. చూడటానికి డబ్బు అక్కర్లేదు.

ఈసీలో రిజిస్టరైన దస్తావేజులే వస్తాయి. రిజిస్టరు చేయని వీలునామా, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న వాటాలు అందులో ఉండవు. ఇల్లు ఖాళీగా పడి ఉందంటే వెనక దావా ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ఈ-కోర్ట్స్ సైటులో యజమాని పేరుతో ఒకసారి వెతకండి. కోర్టు రిసీవరు (దావా తేలేదాకా ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టిన మనిషి) చేతిలో ఉన్న ఇల్లయితే అనుమతి కోర్టు నుంచే రావాలి. నలుగురు వాటాదారుల్లో ఒకరు ఉత్సాహంగా తాళంచెవి ఇచ్చేస్తారు. మిగతా ముగ్గురి సంతకాలు లేకపోతే ఆ తాళంచెవితో పని లేదు.

ప్రభుత్వ భవనం ఏ శాఖదో అంతుబట్టకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రశ్న సూటిగా ఉండాలి: ఈ సర్వే నంబరులోని భవనం ఏ శాఖ ఆధీనంలో ఉంది, చివరిగా ఏ తేదీ దాకా వాడారు, శిథిల భవనమని నోటీసుగానీ కూల్చివేత ఉత్తర్వుగానీ ఉందా. మూడో ప్రశ్న మరవొద్దు. కూల్చివేత ఉత్తర్వు ఉంటే అక్కడితో ఆపేసి ఇంకో భవనం చూసుకోవడమే మేలు.

తర్వాత దారి యజమానిని బట్టి మారుతుంది. కార్పొరేషన్‌దైతే జోన్ కార్యాలయంలో మొదలై ప్రధాన కార్యాలయమైన రిప్పన్ భవనం దాకా ఫైలు నడుస్తుంది. షావుకారుపేట, రాయపురం 5వ జోన్‌లో, తండయారుపేట 4లో, పెరంబూరు 6లో ఉన్నాయి. పీడబ్ల్యూడీ (ప్రభుత్వ పనుల శాఖ) భవనమైతే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు రాయాలి. గుడి ఆస్తి అయితే దేవాదాయ శాఖ పరిధిలోకి వస్తుంది. ఐదేళ్లు మించిన లీజుకు ఆ శాఖ కమిషనరు మంజూరు తప్పనిసరి. కాబట్టి ఏడాదే అడగండి. వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్న భవనమైతే మరమ్మతుకు, రంగుకు కూడా సీఎండీఏ (చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ)లోని వారసత్వ పరిరక్షణ కమిటీ అనుమతి కావాలి. 2010 హైకోర్టు తీర్పుతో ముందుకొచ్చిన ఆ జాబితాలో 467 కట్టడాలున్నాయి. అందులో ఉన్నంత మాత్రాన వెనక్కి తగ్గక్కర్లేదు. ఎక్కువ కాలం మూసే ఉండే మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్‌లో 2019లో ఫొటో బియెన్నాలే (రెండేళ్లకోసారి జరిపే ఫొటోల పండుగ) ప్రదర్శన జరిగింది. గోడకు మేకు కొట్టకుండా విడి చట్రాల మీద పెట్టుకునే ప్రదర్శన అని దరఖాస్తులో రాస్తే సగం ప్రశ్నలు రావు.

ఇంజనీరు చూడందే అడుగు ముందుకు వేయొద్దు

ఇక్కడ ఖర్చుకు వెనకాడే సంఘాలే ఎక్కువ. కార్పొరేషన్‌లోగానీ సీఎండీఏలోగానీ నమోదైన స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకమే చెల్లుతుంది. తెలిసిన మేస్త్రీ "గట్టిగానే ఉంది" అంటే అది కాగితం కాదు.

జార్జి టౌన్ వైపు పాత ఇళ్లకు మద్రాసు టెర్రస్ ఉంటుంది. టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి, దాని మీద పెంకులు పరుస్తారు. కింద నుంచి చూస్తే దూలం నున్నగా, నల్లగా, బ్రహ్మాండంగా కనిపిస్తుంది. చెడేది గోడలోకి దూరిన కొన దగ్గర. పైన పెంకుల సందుల్లోంచి దిగిన వాన నీరు గోడలో నిలిచి, ఆ కొన లోపలే కుళ్లుతుంది. నిచ్చెన వేసుకుని, దూలం గోడను తాకే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. అర సెంటీమీటరు కూడా దిగకపోతే పర్వాలేదు. మెత్తగా లోపలికి పోయి పొడి రాలితే ఆ గది మూసేయాల్సిందే. గోడ వెంట మట్టి గీతలు కనిపిస్తే చెదలు దూలం దాకా వెళ్లాయని లెక్క.

కాంక్రీటు బడి భవనాల రోగం వేరు. సముద్రపు ఉప్పుగాలికి లోపలి కమ్మీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పైపూతను తోసి పెచ్చులుగా ఊడగొడుతుంది. మొదట పడేవి సన్‌షేడ్లు, పిట్టగోడలు. కాంక్రీటు గట్టిదనాన్ని పగలగొట్టకుండా చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు రెండూ చేయించి ఆ ఫలితాల నకలు జత చేయండి. తనిఖీకి మంచి రోజులు ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగిన డిసెంబరు చివర, జనవరి మొదట్లో. కారే చోట్లన్నీ తడిమచ్చలతో తామే చూపిస్తాయి. ఏప్రిల్‌లో చూసి అంతా బాగుందనుకుంటే అక్టోబరులో బకెట్లు పెట్టుకోవాలి.

ఎక్కువ మందికి తెలియని లెక్క ఒకటుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం ఇంటి గది నేలను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు కడతారు. తరగతి గదిని 300కు, బిగించిన కుర్చీలు లేకుండా జనం గుమికూడే హాలును 500కు. అంటే ఇంటి మేడ మీద బుర్రకథ పెట్టి వందమందిని నిలబెడితే, అది ఆ నేలను ఏ లెక్కతో కట్టారో ఆ లెక్క దాటిన పని. జనం చేరే కార్యక్రమాలన్నీ నేల అంతస్తులోనే, మేడ మీద ఫొటోలు, పుస్తకాలు చూసేవారు విడతకు పదిమంది అని రాయండి. "మేడ మెట్లకు గేటు పెట్టి తాళం వేస్తాం" అన్న వాక్యం ఇంజనీరుకూ నచ్చుతుంది, అధికారికీ నచ్చుతుంది.

గదికి ఎంతమంది అన్నది ఒక్కొక్కరికి ఒకటిన్నర చదరపు మీటరు చొప్పున వేసుకోండి. 60 చదరపు మీటర్ల హాలుకు 40 మంది. ఆ సంఖ్యనే దరఖాస్తులోనూ గుమ్మం మీది బోర్డులోనూ ఒకేలా రాయండి.

అద్దె కాదు, లైసెన్సు

అధికారుల భయం, యజమానుల భయం ఒకటే: లోపలికి వచ్చినవాళ్లు బయటికి పోరేమో. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. విజయనగరం ఆనంద గజపతి రాజుగారి వంటి దాతల డబ్బుతో లేచిన విక్టోరియా పబ్లిక్ హాలు స్థలం 99 ఏళ్ల లీజు. ఆ లీజు ముగిశాక కార్పొరేషన్‌కూ ట్రస్టుకూ మధ్య వివాదం ఏళ్ల తరబడి సాగింది.

అందుకే ఒప్పందం 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ కింద లైసెన్సుగా ఉండాలి. పైన "లైసెన్సు" అని రాసినంత మాత్రాన చాలదు. లోపలి షరతులు అద్దెలా ఉంటే కోర్టు దాన్ని అద్దెగానే చూస్తుందని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. ఒక తాళంచెవి యజమాని దగ్గరే ఉండాలి. వాడకం ఫలానా గదులకు, ఫలానా రోజులకు, ఫలానా గంటలకే అని ఉండాలి. రాత్రి బస ఉండకూడదు. అదే చట్టం 60వ సెక్షన్ ప్రకారం లైసెన్సు తీసుకున్నవాళ్లు దాన్ని నమ్ముకుని శాశ్వత నిర్మాణం చేసి ఖర్చు పెడితే ఆ లైసెన్సును రద్దు చేయలేరు. యజమాని లాయరు మొదట వెతికేది ఇదే. "శాశ్వత నిర్మాణమేదీ చేయం, విప్పదీయగల సామాను మాత్రమే వాడతాం" అని మీరే ముందుగా రాస్తే బేరం సులువవుతుంది. మీకోసం కూడా ఒక షరతు పెట్టించండి: రద్దు చేస్తే ఖాళీ చేయడానికి 30 రోజులు. 63వ సెక్షన్ తగినంత సమయం అంటుందే తప్ప ఎన్ని రోజులో చెప్పదు.

యజమాని అద్దె ఒప్పందమే కావాలంటే తమిళనాడు 2017 అద్దె చట్టం వర్తిస్తుంది. 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎన్ని నెలలైనా రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయాలి.

యజమాని ఇంకా తటపటాయిస్తుంటే, ఖాళీ ఇల్లే వేగంగా పాడవుతుందని గుర్తుచేయండి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 2004 నుంచి ఒక సంస్థ ఇదే మాట మీద పాత ఇళ్లను సుమారు ఐదేళ్లకు అద్దె లేకుండా ఇప్పించింది. ఉన్నవాళ్లు కారే చోటు, విరిగిన కిటికీ చూసుకుంటారు, యజమానికి ఇల్లు దక్కుతుంది.

దరఖాస్తు కట్టలో ఏముండాలి

వ్యక్తి పేరుతో అడిగితే ఫైలు కదలదు. తమిళనాడు సంఘాల చట్టం, 1975 కింద కనీసం ఏడుగురితో సంఘం నమోదు చేయించండి, లేదా ఇప్పటికే నమోదైన పేట సంఘం పేరుతో వెళ్లండి. రెండోదే త్వరగా అవుతుంది.

పై లేఖ ఒక్క పేజీ, తమిళంలో. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే మనవాళ్లలో తమిళం రాయడం రానివాళ్లు బోలెడుమంది. తమిళ మీడియంలో చదివిన పిల్లల చేత రాయించండి. ఆంగ్లంలోనైనా తీసుకుంటారు కానీ తమిళ లేఖ కింది గుమస్తా దాకా అర్థమవుతుంది. జత చేయాల్సినవి: సంఘం నమోదు పత్రం, తీర్మానం, 1:100 కొలతలో నేల ప్లాను, ఇంజనీరు సర్టిఫికెట్, వారం వాడకపు పట్టిక, తేదీ పడిన ఫొటోలు, ఖాళీ చేసే హామీ పత్రం.

వాడకపు పట్టికలో "సాంస్కృతిక కార్యక్రమాలు" అని రాసి వదిలేయకండి. ఆ మాట చూడగానే అధికారికి మైకులు, బిర్యానీ, బ్యానర్లు కళ్లముందు కదులుతాయి. "సోమ, బుధ సాయంత్రం 5:30 నుంచి 7:30, తెలుగు చదవడం రాయడం, 25 మంది పిల్లలు, శనివారం 10 నుంచి 1, పేటవాసుల పాత ఫొటోల స్కానింగ్, 15 మంది" అన్నట్టు ఉండాలి. లోపల వంట ఉండదని రాయండి. గ్యాస్ సిలిండరు ఉందంటే అగ్నిమాపక శాఖ చూపు మారిపోతుంది. రోజూ జనం చేరే చోటైతే 1965 పబ్లిక్ బిల్డింగ్స్ చట్టం కింద లైసెన్సు కూడా అడుగుతారు. బడులు, కల్యాణ మండపాలు తీసుకునే "డి ఫారం" లైసెన్సు ఇదే.

వార్డు కౌన్సిలరు సిఫారసు లేఖ చట్టప్రకారం అక్కర్లేదు గానీ, లేకపోతే ఫైలు ఆగే చోట్లు ఎక్కువ. అంతకన్నా బలమైనది ఏరియా సభ (వార్డులోని ఒక ప్రాంతం జనం కూడే సభ) తీర్మానం. సభ జరిగే రోజు పదిమందితో వెళ్లి మినిట్సులో రాయించి నకలు తీసుకోండి. ఏ కాగితం ఇచ్చినా రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకోండి. జోన్‌లో కదలిక లేకపోతే కలెక్టరేట్ సోమవారం ఫిర్యాదుల దినానికి అదే ప్రతితో వెళ్లొచ్చు.

తలుపు తెరిచే రోజు, తర్వాత

అనుమతి రాగానే ఊడ్చేయకండి. ముందు యజమాని మనిషితో కలిసి మహజరు (ఉన్నది ఉన్నట్టు రాసి ఇద్దరూ సంతకం పెట్టే జాబితా) రాయండి: ఎన్ని తలుపులు, ఎన్ని కిటికీ రెక్కలు, ఎన్ని టేకు చట్రాలు, ఎక్కడ ఏది విరిగి ఉంది. ఖాళీ ఇళ్లలో టేకు మాయమవడం మామూలు. మహజరు లేకపోతే ఆ లెక్క మీ మీదే పడుతుంది. మూతబడ్డ బడిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు దొరికితే, తాతల పేర్లు కనిపించినా సరే, తీసుకెళ్లొద్దు. అవి ప్రభుత్వ రికార్డులు. జోన్ విద్యాధికారికి రాసి అప్పగించండి. ప్రదర్శనకు నకళ్లు అడగండి.

గబ్బిలాల, పావురాల రెట్ట ఉంటే పొడిగా ఊడవకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి తడిపి, ఎన్95 మాస్కుతో ఎత్తాలి.

పాత చెక్క పట్టీల వైరింగుకు ఎర్తు ఉండదు. దాన్ని నమ్మకుండా మొత్తం తెంపేసి, తాత్కాలిక ఈబీ కనెక్షన్ తీసుకుని, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టి, గోడకు పైపైన కొత్త లైను లాగండి. పాత మీటరు మీద బకాయి ఉంటే కొత్త కనెక్షన్ దగ్గర చిక్కొస్తుంది, కాబట్టి బకాయి ఎవరు కట్టాలో ఒప్పందంలోనే తేల్చుకోండి. ఆస్తి పన్ను పెరిగితే ఎవరిదన్నదీ అంతే. ఎక్కడ నిలబడినా 15 మీటర్లలోపు ఏబీసీ పొడి అగ్నిమాపక సిలిండరు అందాలి. పాత ఇళ్ల వీధి తలుపు లోపలికి తెరుచుకుంటుంది. మనుషులున్నంత సేపు రెక్కలు కొక్కేనికి తగిలించి ఉంచండి. వెనక పెరటి దారి ఇటుకలతో మూసేసి ఉంటే యజమాని లిఖిత అనుమతితో తెరిపించండి. రెండో దారి లేని చోట 40 మందిని కూర్చోబెట్టొద్దు.

మైకు అవసరమైన రోజుకు పోలీసు స్టేషన్‌లో కనీసం రెండు వారాల ముందు రాసివ్వండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు కుదరదు. ఆసుపత్రి, బడి, కోర్టుకు 100 మీటర్లలోపు నిశ్శబ్ద మండలం.

పొడిగింపు కావాలంటే గడువుకు మూడు నెలల ముందే కొత్త పటిష్ఠత సర్టిఫికెట్‌తో అడగండి. గడువు దాటాక ఒక్క రోజు ఉన్నా ప్రభుత్వ భవనమైతే అనధికార ఆక్రమణ కింద ఖాళీ చేయించే నోటీసు రావచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు పాత మహజరు పక్కన పెట్టుకుని కొత్తది రాసి, ఈబీ చివరి బిల్లు రసీదు జతచేసి, "స్వాధీనం చేసుకున్నాం" అని యజమాని సంతకం తీసుకోండి. యజమాని దగ్గర డిపాజిట్ కట్టి ఉండి, అది ఆ రోజే చేతికి రాకపోతే, ఎప్పుడిస్తారో అదే కాగితం మీద తేదీతో రాయించండి.