ప్రాంతీయ విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ డిగ్రీ: చేరినవారు పూర్తి చేసేలా రూపొందించడం ఎలా

ఆన్‌లైన్ డిగ్రీ ప్రారంభించాలని ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయం నిర్ణయించుకున్నప్పుడు తొలి సమావేశాల్లో చర్చ సాధారణంగా సాఫ్ట్‌వేర్ మీదికీ, రికార్డింగ్ స్టూడియో మీదికీ మళ్లుతుంది. ఆ రెండూ తరువాత తేల్చుకోదగినవే. ముందుగా తేలవలసిన విషయం వేరే ఉంది: ఇంతవరకు మన తరగతి గదికి రాలేకపోయినవారు ఎవరు, ఏ కారణం చేత రాలేకపోయారు? ఉద్యోగం మానుకోలేనివారికి సాయంత్రం పూట పాఠం కావాలి. పసిపిల్లలనో వృద్ధులనో కనిపెట్టుకుని ఉండేవారికి ఎక్కడ ఆపితే అక్కడి నుంచి మళ్లీ అందుకోగల పాఠం కావాలి. కొన్నేళ్ల క్రితం చదువు మధ్యలో ఆపేసినవారికి, అప్పట్లో సంపాదించుకున్న క్రెడిట్లను, అంటే పూర్తి చేసిన సబ్జెక్టులకు లభించిన పాయింట్లను, లెక్కలోకి తీసుకునే నిబంధన కావాలి. ప్రవేశాల విభాగంలోని రికార్డుల్లో దరఖాస్తు చేసినవారే కనిపిస్తారు. అసలు దరఖాస్తే చేయనివారి సంగతి తెలియాలంటే ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులనూ, గ్రంథాలయాల సిబ్బందినీ, ఆ ప్రాంతంలో ఎక్కువ మందికి పని కల్పించే సంస్థలనూ కలిసి మాట్లాడాలి.

ఆ తరువాత ఒకటి రెండు కోర్సులను మాత్రమే ఎంచుకోవడం మంచిది. శాశ్వత అధ్యాపకులు తగినంత మంది ఉన్న విభాగంతో మొదలుపెట్టాలి. డిగ్రీకి గుర్తింపు ఉంటుందా, ఉద్యోగ నియామకాల్లోనూ పై చదువుల్లోనూ అది చెల్లుతుందా అన్నది లిఖితపూర్వకంగా తేలేవరకు ప్రకటన ఇవ్వకూడదు.

ఆన్‌లైన్ డిగ్రీ అంటే రెండో రకం డిగ్రీ అన్న అనుమానం చాలామందిలో ఉంటుంది. దాన్ని పోగొట్టే మార్గం ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయమే ఎప్పుడో చూపించింది. ఆస్ట్రేలియాలో మహానగరాలకు దూరంగా ఆర్మిడేల్ పట్టణంలో ఉన్న న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం 1955లో దూరవిద్య మొదలుపెట్టినప్పుడు, క్యాంపస్‌లో బోధించే అధ్యాపకులకే దూరవిద్యార్థుల బాధ్యతనూ అప్పగించింది. పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా క్యాంపస్ విద్యార్థులకూ దూరవిద్యార్థులకూ ఒక్కటే. పాఠాలు తపాలాలో వెళ్లిన కాలపు ఏర్పాటే అయినా ఈ సూత్రాన్ని ఇవాళ కూడా యథాతథంగా స్వీకరించవచ్చు. అయితే ఆన్‌లైన్ బోధనను అధ్యాపకుల పనిగంటల్లో లెక్కగట్టాలి. ఉన్న భారానికి అదనంగా దాన్ని నెత్తిన పెడితే, తొలి సెమిస్టర్ ముగిసేలోపే విద్యార్థుల ప్రశ్నలకు సమాధానాలు రావడం ఆగిపోతుంది.

పాఠం తయారీలో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది విద్యార్థి చేతిలోని ఫోన్ గురించి. సెకనుకు 600 కిలోబిట్ల వేగంతో నడిచే వీడియో గంటకు సుమారు 270 మెగాబైట్ల డేటాను తీసుకుంటుంది. అదే ఉపన్యాసాన్ని 32 కిలోబిట్ల ఆడియోగా ఇస్తే గంటకు 15 మెగాబైట్లు కూడా దాటదు. ఒక సెమిస్టర్ మొత్తానికి ఈ తేడా ఎంతవుతుందో లెక్కవేస్తే, తక్కువ ఆదాయం గలవారు మధ్యలో ఎందుకు తప్పుకుంటారో కొంతవరకు అర్థమవుతుంది. కాబట్టి ప్రతి పాఠాన్నీ మూడు రూపాల్లో ఇవ్వాలి: పది పదిహేను నిమిషాల చిన్న వీడియోలు, వాటి ఆడియో, చదువుకోవడానికి వీలైన పాఠ్యం. పాఠ్యాన్ని స్కాన్ చేసిన బొమ్మలుగా కాకుండా అక్షరరూపంలోనే ఉంచితే చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌తో వినగలుగుతాడు. సబ్‌టైటిల్స్ ఉంటే వినికిడి లోపం గలవారికీ, చప్పుడు మధ్య చదువుకునేవారికీ మేలు. విడుదలకు ముందు పాఠం రాసిన అధ్యాపకుడే దాన్ని ఒక మామూలు ఫోన్‌లో, వైఫై ఆపేసి, మొదటి నుంచి చివరి వరకు తెరిచి చూడాలి. పెద్ద తెర మీద ముచ్చటగా కనిపించిన పట్టిక అక్కడ అడ్డంగా తెగిపోవడం, అసైన్‌మెంట్ పంపే బటన్ కనిపించకపోవడం వంటి లోపాలు ఆ ఒక్క పరీక్షలోనే బయటపడతాయి.

మొదటి నాలుగైదు వారాలు అన్నిటికంటే కీలకమని నా దృఢాభిప్రాయం. తరగతి గదిలో వెనుకబడిన విద్యార్థి ముఖం చూస్తే తెలిసిపోతుంది; ఆన్‌లైన్‌లో అతడు నిశ్శబ్దంగా జారిపోతాడు. రెండో వారంలోనే ఒక చిన్న అసైన్‌మెంట్ పెట్టి, మూడు రోజుల్లో దిద్ది తిరిగి ఇవ్వాలి. దాన్ని పంపనివారి జాబితా అదే రోజు కౌన్సెలర్‌కు చేరాలి. అప్పుడు "మీరు లాగిన్ కాలేదు, గడువు ముగిసింది" అన్న యాంత్రికమైన సందేశం వెళ్తే విద్యార్థి మరింత దూరమవుతాడు. "మొదటి యూనిట్ మీరు పూర్తి చేశారు, రెండోదానిలో లెక్కల భాగం దగ్గర చాలామంది ఆగుతున్నారు, గురువారం సాయంత్రం అరగంట సేపు వాటినే వివరిస్తున్నాం, రాలేకపోతే మీకు వీలైన సమయం చెప్పండి, ఫోన్ చేస్తాను" అని పేరుపెట్టి ఒక మనిషి రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఇందుకు ఒక్కొక్క కౌన్సెలర్‌కు ఎంతమంది విద్యార్థులుండాలో ముందే నిర్ణయించి, ప్రవేశాల సంఖ్యను దానికి లోబడి ఉంచాలి.

ఆన్‌లైన్ చదువుకు కూడా చోటు అవసరమే. 1971లో తొలి విద్యార్థులను చేర్చుకున్న బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ టీవీ, రేడియో పాఠాలకే పరిమితం కాకుండా స్థానిక ట్యూటర్లనూ, అధ్యయన కేంద్రాలనూ, వేసవి శిబిరాలనూ ఏర్పాటు చేసింది. ప్రవేశానికి ముందస్తు విద్యార్హత అడగని ఆ సంస్థకు అటువంటి అండ తప్పనిసరి. ప్రాంతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలలుంటే ఈ పని సులభమవుతుంది: వారాంతాల్లో ఒక గది, కొన్ని కంప్యూటర్లు, నిలకడైన ఇంటర్నెట్, సందేహాలు తీర్చే ఒక ట్యూటర్ చాలు. పరీక్షలను కూడా అక్కడే నిర్వహిస్తే, విద్యార్థి ఇంట్లో కెమెరా ముందు నిఘాలో కూర్చోవలసిన అవసరం ఉండదు. ప్రయోగశాల పనిని సెమిస్టర్‌కు ఒకసారి కొద్ది రోజుల శిబిరంగా కుదించి, తేదీలను ప్రవేశ సమయంలోనే ప్రకటించాలి. ఉద్యోగులు సెలవు పెట్టుకోవాలి కదా.

ఫీజును ఏడాదికి ఒకేసారి కాకుండా నమోదు చేసుకున్న క్రెడిట్ల ప్రకారం తీసుకుంటే, ఇబ్బంది వచ్చిన సెమిస్టర్‌లో ఒకే ఒక్క సబ్జెక్టుతో చదువును కొనసాగించే వీలుంటుంది. ఫలితాలను నివేదించేటప్పుడు చేరినవారి సంఖ్యతో ఆగిపోకుండా, మొదటి సెమిస్టర్ దాటినవారు, రెండో ఏడాదికి వచ్చినవారు, పట్టా పొందినవారు ఎందరో విడివిడిగా రాయాలి. ఆ లెక్కలను ఉద్యోగులు, గ్రామీణులు, మహిళలు, దివ్యాంగులు, తమ కుటుంబంలో తొలిసారి డిగ్రీ చదువుతున్నవారు అన్న వర్గాల వారీగా చూడాలి. ఏ వర్గం ఎక్కడ ఆగిపోతున్నదో గుర్తించి, అక్కడి లోపం సరిదిద్దిన తరువాతే మూడో కోర్సుకు అనుమతి ఇవ్వాలి.