వెదురు ఆకులు చుట్టుకుంటున్నాయా? ఎరువు కాదు, ముందు స్క్రూడ్రైవర్ తీయండి

ఎండాకాలం మొదలైతే చాలు, నాకు పసుపు వెదురు కుండీ ఫొటోలు వచ్చిపడుతుంటాయి. ఆకులు చుట్టుకుపోయి, కొనలు ఎండి, కింది కొమ్మలు పసుపెక్కి ఉంటాయి. "రోజూ నీళ్లు పోస్తున్నామండీ, ఏ ఎరువు వేయమంటారు?" అని అడుగుతారు. ఏ ఎరువూ వద్దు. మొక్క మొదలు దగ్గర మట్టి తడిగా ఉందా అంటే "ఉందండీ" అంటారు. చూసింది పైపైన.

ఆకులు పొడవునా గొట్టంలా చుట్టుకుంటున్నాయి

మధ్యాహ్నం చుట్టుకుని తెల్లారేసరికి విచ్చుకుంటుంటే నీళ్ల కొరత ఇప్పుడే మొదలైందన్నమాట. తెల్లారినా విచ్చుకోకపోతే బాగా ముదిరింది. బకెట్ల కొద్దీ పోస్తున్నామన్నా నా మాట మారదు. పోసిన నీళ్లు వేళ్లకు అందడం లేదు.

ఎందుకంటే ఆ కుండీలో రెండు రకాల మట్టి ఉంది. నర్సరీ నల్ల కవరుతో వచ్చిన మట్టి ముద్ద ఒకటి. కడియం నుంచి లారీలో ఊళ్లు దాటి వచ్చే మొక్క కదలకుండా ఉండాలంటే మట్టి గట్టిగా ఉండాల్సిందే, అందులో నర్సరీవాళ్ల తప్పేం లేదు. రెండోది, దాని చుట్టూ మనం నింపిన కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపిన గుల్ల మట్టి. వెదురు వేళ్లు సన్నగా, దట్టంగా అల్లుకుని ఇంకా ఆ పాత ముద్దలోనే ఉంటాయి. ఆ ముద్ద ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే కుంచించుకుపోతుంది, చుట్టూ సందు పడుతుంది. ఇక పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి, గుల్ల మట్టిలోంచి జారి అడుగు రంధ్రం గుండా ప్లేటులోకి చేరతాయి. పైన తడి, కింద ప్లేటు నిండా నీళ్లు, మధ్యలో ఇటుక.

దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే చూడ్డానికి అచ్చం నీళ్లెక్కువైన మొక్కలాగే ఉంటుంది. మాలి వచ్చి పైమట్టి ముట్టుకుని "నీళ్లు ఎక్కువయ్యాయి సార్, వారం ఆపండి" అంటాడు. ఆపుతారు, ఇంకా ఎండుతుంది. పక్కింటివాళ్లు యూరియా వేయమంటారు. దాహంతో ఉన్న వేళ్ల మీద యూరియా పడితే మిగిలిన ఆకుల కొనలు కూడా మాడతాయి.

పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని బొంగుల మొదలు పక్కనే గుచ్చండి. కుండీ అంచున కాదు, మొదట్లోనే. నాలుగు అంగుళాలు దిగకుండా టక్కున ఆగినా, దిగి పొడిగా బయటికొచ్చినా కారణం ఇదే. నిజంగా నీళ్లు ఎక్కువైన కుండీలో స్క్రూడ్రైవర్ మెత్తగా దిగుతుంది, బయటికి తీస్తే మురుగు వాసన వస్తుంది. అలాంటప్పుడు ముందు అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి.

కుండీ ఎత్తగలిగేదైతే టబ్బులో నీళ్లు నింపి, కుండీ అంచు దాకా ముంచి ఉంచండి. బుడగలు రావడం ఆగేదాకా తీయొద్దు. సాధారణంగా అరగంట, గంట పడుతుంది. తర్వాత నీడన పెట్టి నీళ్లు ఓడనివ్వండి. రెండు మూడు రోజులకోసారి గుచ్చి చూసి, గట్టిగా ఉంటే మళ్లీ ముంచండి. కదపలేని కుండీ అయితే ముద్దలో అక్కడక్కడా చువ్వతో రంధ్రాలు చేసి, సన్న చిల్లు పెట్టిన నీళ్ల సీసాను మొదట్లో, సరిగ్గా ముద్ద మీదే నిలబెట్టండి. నీరు చుక్కచుక్కగా దిగాలి. గొట్టంతో ఒక్కసారిగా పోస్తే మళ్లీ సందులోకే పోతుంది.

ఇది తాత్కాలికం. అసలు పని తొలకరి వానల తర్వాత, కొత్త కొమ్ములు (వెదురు మొలకలు) పొడుచుకురాకముందే చేయాలి. మొక్కను బయటికి తీసి, గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను కోసేసి, ముద్ద పక్కల పైనుంచి కిందికి మూడు నాలుగు చోట్ల రంపంతో అంగుళం లోతు గాట్లు పెట్టి, కాస్త వదులు చేసి నాటండి. ముద్ద మొత్తం కడిగేయొద్దు.

నేలలో నాటినవాళ్లూ నవ్వుకోవద్దు. కవరు తీయకుండా, కత్తితో రెండు గీతలు గీసి గుంతలో దించేసే మాలీలు చాలామంది ఉన్నారు. నాటి ఏడాదైనా మొక్క ఉన్నచోటే ఉంటే మొదట్లో కొంచెం తవ్వి చూడండి, నల్ల ప్లాస్టిక్ కనిపించవచ్చు. కవరు తీసి నాటినా, పాదు విశాలంగా చేసి నీళ్లన్నీ అంచునే పోస్తుంటే మళ్లీ అదే కథ.

ఆకు చుట్టుకోలేదు, కొనలు మాత్రం గోధుమరంగులో మాడుతున్నాయి

మట్టి మీద తెల్లటి పొర ఉందా? ఆర్వో మెషీన్ నుంచి వచ్చే వృథా నీళ్లు మొక్కలకు పోస్తున్నారా? ఆ నీళ్లతో ఇల్లు తుడుచుకోండి. ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్లతోనూ ఇంతే. వానాకాలంలో కుండీ వానలో వదిలేసి బాగా కడగనివ్వండి. మాడిన కొనలు మళ్లీ పచ్చబడవు, కొత్త ఆకులు చూసి తేల్చుకోవాలి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పాత ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి

కొమ్మల చివర కొత్త చిగుళ్లు ఉంటే ఏమీ చేయకండి. ఆకు మార్చుకుంటోంది. రాలినవి ఊడ్చేయకుండా మొదట్లోనే వదిలితే మట్టి త్వరగా ఎండదు.

కొత్త బొంగులు సన్నగా వస్తున్నాయి

వెదురు బొంగు ఎంత లావుతో పుడితే అంతే, తర్వాత లావెక్కదు. కాబట్టి ఇప్పుడున్న సన్నబొంగుకు ఎరువు పోసి లాభం లేదు. కుండీ వేళ్లతో నిండిపోయి ఉంటుంది. గుబురును రెండుగా చీల్చి విడిగా నాటితే తర్వాతి కొమ్ములు కాస్త బలంగా వస్తాయి.

బుద్ధ బెల్లీ వెదురుకు బొజ్జలు రావడం లేదు

మీరు బాగా చూసుకోవడమే కారణం. బుద్ధ బెల్లీలో వెంట్రికోసా అనే రకానికి కణుపుల మధ్య ఉబ్బు రావాలంటే ఇరుకు కుండీ, కొద్దిపాటి నీళ్లు ఉండాలి. నేలలో పెట్టి దండిగా నీళ్లిస్తే నిటారుగా మామూలు వెదురులా పెరుగుతుంది. వామిన్ రకమైతే ఇంత తంటా ఉండదు, కింది కణుపుల దగ్గర దానంతటదే ఉబ్బుతుంది.

పసుపు వెదురులో పూర్తి పచ్చ బొంగు వస్తే మొదలంటా కోసేయండి. వదిలేస్తే గుబురంతా పచ్చదే అయిపోవచ్చు. ఆకుల మీద మసి, చీమలు కనిపిస్తే పిండినల్లి గానీ పేనుబంక గానీ ఉన్నట్టే. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. పూత వచ్చి చచ్చిపోతుందేమోనన్న భయం అడవి వెదురు విషయంలో నిజమే గానీ, ఇంట్లో పెంచే పసుపు వెదురు పూయడం చాలా అరుదు. ఇక గాజు గ్లాసులో నీళ్లు పోసి టీవీ పక్కన పెట్టే లక్కీ బ్యాంబూ అసలు వెదురే కాదు, డ్రసీనా అనే వేరే మొక్క. దానికి స్క్రూడ్రైవర్ గుచ్చకండి.