చెవికి చదువు – 3వ పాఠం: రీమిక్స్‌లో ఏది ఉంచారు, ఏది వదిలారు?

కిందటి పాఠంలో ఆది తాళం వేస్తూ డాన్స్ పాటను లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన రెండుసార్లు దెబ్బ–విసురు. మొత్తం ఎనిమిది అక్షరాలు. పాట అడుగున ధమ్ ధమ్‌మని మోగే పెద్ద డ్రమ్‌ను కిక్ డ్రమ్ అంటారు. పాటలో పడే ప్రతి కిక్ డ్రమ్ దెబ్బకూ ఒక అక్షరం. ఇలా నాలుగు ఆవర్తనాలు పూర్తయితే 32 దెబ్బలు. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో అది సరిగ్గా 16 సెకన్లు. హౌస్ పాటల్లో, అంటే ఆగకుండా ప్రతి దెబ్బకూ కిక్ పడే క్లబ్బు డాన్స్ పాటల్లో, కొత్త వాయిద్యం చేరినా, ఉన్నది తప్పుకున్నా ఎక్కువసార్లు ఈ 32 పూర్తయిన చోటే జరుగుతుంది. ఈ లెక్క ఇంకా చేతికి అలవడకపోతే ఈ పాఠాన్ని రెండు రోజులు పక్కన పెట్టండి. ఒక పాట మొదలు నుంచి చివరి దాకా తాళం తప్పకుండా వేయగలిగాక మళ్లీ రండి.

ఇంకొక మాట. ఈ పాఠానికి ఫోను స్పీకర్ పనికిరాదు. కిక్ డ్రమ్‌లోని అసలు బరువు అడుగు స్వరాల్లో ఉంటుంది. అంత చిన్న స్పీకర్ వాటిని పలకలేదు. మీకు వినబడేది ఆ దెబ్బ తాలూకు టక్కుమనే పైచప్పుడు మాత్రమే. చవక ఇయర్‌ఫోన్లయినా సరే, చెవిలో పెట్టుకుని వినండి.

ముందు మాట అర్థం తేల్చుకుందాం. మన సినిమాల్లో రీమిక్స్ అంటే పాత హిట్ పాటను కొత్త గాయకులతో మళ్లీ పాడించి, కొత్త వాయిద్యాలతో ముస్తాబు చేయడం. డాన్స్ సంగీతంలో ఈ మాటకు అర్థం వేరు. అక్కడ మూల గాయని గొంతును, ఆమె ఆ రోజు స్టూడియోలో పాడిన ఆ గొంతునే తీసుకుంటారు. చుట్టూ ఉన్నదాన్ని మారుస్తారు. ఒక లెక్కన వినాయక నిమజ్జనం ఊరేగింపులో జానపద గాయని పాటకు డ్రమ్ములు చేర్చి వినిపించే మన డీజేలు ఈ అర్థానికే దగ్గరగా ఉన్నారు. గొంతు పాతది, నేల కొత్తది. ఆ కొత్త నేల మీద పాత గొంతు ఎలా నడుస్తోంది? రీమిక్స్ వినడమంటే ఈ నడకను గమనించడమే.

దీన్ని నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో ‘టామ్స్ డైనర్’ కంటే మంచి పాట లేదు. అమెరికన్ గాయని సుజాన్ వేగా 1987లో విడుదల చేసిన ఆల్బమ్‌లో అది మొదటి పాట. న్యూయార్క్‌లో ఒక చిన్న హోటల్. ఉదయం వేళ ఒక స్త్రీ కాఫీ తాగుతూ వచ్చేపోయేవాళ్లను చూస్తుంది. పాటలో జరిగేది ఇంతే. వాయిద్యం ఒక్కటీ లేదు. రెండు నిమిషాల పైచిలుకు ఒంటి గొంతు.

ముందుగా ఈ మూలాన్ని వినండి. తాళం వేయండి. చిత్రంగా ఉంటుంది, డ్రమ్ లేకపోయినా మీ చెయ్యి ఆగదు. ఆమె ఎక్కడా స్వరాన్ని సాగదీయదు, గమకం వేయదు. అక్షరాలు టైపు మిషన్ మీద పడ్డట్టు ఒకదాని వెనక ఒకటి సమంగా పడతాయి. లయ ఆ మాటల్లోనే ఉంది. రెండోసారి వింటున్నప్పుడు పాదానికి పాదానికి మధ్య ఆమె ఆగే చోట్లను పట్టుకోండి. అక్కడ ఏమీ లేదు, ఊరికే ఖాళీ. ఆ ఖాళీలు గుర్తుపెట్టుకోండి, వాటితో పని ఉంది. చివర్లో మాటలు అయిపోయాక ఆమె అర్థం లేని అక్షరాలతో ఒక చిన్న కూనిరాగం తీస్తుంది. దాన్నీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 1990లో వచ్చిన రీమిక్స్ వినండి. డీఎన్ఏ అనే పేరుతో పనిచేసిన ఇద్దరు బ్రిటిష్ కుర్రవాళ్లు ఆమె గొంతు కింద దరువు పెట్టి, ఎవరి అనుమతీ అడగకుండా రికార్డు అచ్చు వేసి క్లబ్బులకు పంచారు. విషయం తెలిశాక ఆమె రికార్డు కంపెనీ వాళ్ల మీద కేసు వేయకుండా దాన్నే కొని అధికారికంగా విడుదల చేసింది. హిట్ పాటల పట్టికల్లో అది బ్రిటన్‌లో రెండో స్థానానికి, అమెరికాలో ఐదో స్థానానికి చేరింది.

వాళ్లు చేసిన పని మూడు చోట్ల కనిపిస్తుంది. పాట చివర ఉన్న కూనిరాగాన్ని ముందుకు తెచ్చారు. మూలంలో అది వెళ్లిపోతున్న మనిషి తనలో తాను పాడుకునే రాగం. ఇక్కడ అదే పల్లవి అయింది, పాటంతా దాని చుట్టూ తిరుగుతుంది. ఒక్క అక్షరం కొత్తగా పాడించలేదు, చోటు మార్చారంతే. ఈ రోజు ఆ పాట పేరు గుర్తులేనివాళ్లు కూడా ఆ కూనిరాగం వినగానే తలాడిస్తారు.

రెండోది, ఖాళీలు. మీరు గుర్తుపెట్టుకున్న ఆ విరామాల్లోకి ఇప్పుడు దరువు వచ్చి కూర్చుంది. ఆమె మాట్లాడి ఆగుతుంది, డ్రమ్ జవాబిస్తుంది. మూలంలో ఒంటరిగా కూర్చున్న మనిషి ఇక్కడ నలుగురి మధ్య కూర్చుంది, అయినా ఒంటరిగానే ఉంది. మూడోది వేగం. ఈ దరువు హౌస్ కంటే నెమ్మదైనది, కాస్త ఊగుతూ నడిచేది. గొంతుకు ముందే ఉన్న నడక వేగాన్ని వాళ్లు గౌరవించారు. క్లబ్బు కోసమని ఆమెను పరుగెత్తించలేదు.

పక్కగా ఒక సంగతి. పాటలను చిన్న ఫైళ్లుగా కుదించే ఎంపీ3 పద్ధతిని రూపొందించినవారిలో ఒకడైన జర్మన్ ఇంజినీరు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ తన పనితనాన్ని పరీక్షించుకోవడానికి వాడిన పాటల్లో ఇదే మూల గీతం ఒకటి. తోడు లేని గొంతులో చిన్న లోపం కూడా దాగదు కాబట్టి. మీ చెవికి కూడా అదే పరీక్ష పెడుతున్నాను.

నోటు పుస్తకంలో పేజీ మధ్య ఒక గీత గీయండి. ఒకవైపు ‘ఉంచినవి’, రెండోవైపు ‘వదిలినవి’ అని రాయండి. నా పుస్తకంలో ఈ పాట పేజీ ఇలా ఉంది. ఉంచినవి: గొంతు, దాని వేగం, మాటల మధ్య ఖాళీలు. వదిలినవి: నిశ్శబ్దం. అడుగున ఒక వరుస: ‘చివరిది మొదటికి వచ్చింది.’ ఇంతకంటే పెద్ద సమీక్ష అవసరం లేదు.

రెండో పాటగా ‘మిస్సింగ్’ తీసుకోండి. ఎవ్రీథింగ్ బట్ ది గర్ల్ అనే ఇంగ్లండ్ జంట, ట్రేసీ థోర్న్, బెన్ వాట్, 1994లో చేసిన పాట ఇది. ఒకప్పుడు తెలిసిన మనిషి ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటి వీధికి ఆమె రైలు దిగి నడుచుకుంటూ వెళ్తుంది. మూలం మెత్తగా, దిగులుగా ఉంటుంది. న్యూయార్క్ డీజే టాడ్ టెర్రీ దీనికి నాలుగు దెబ్బల కిక్, కింద గట్టి బేస్ పెట్టాడు. 1995–96లో ఈ రూపమే ఊళ్లూరా మోగి, బ్రిటన్‌లో మూడో స్థానానికి, అమెరికాలో రెండో స్థానానికి వెళ్లింది.

దిగులు పాటకు చిందు దరువు పెడితే దిగులు పోవాలి కదా? పోలేదు. ఎందుకు పోలేదో తెలిస్తే మీకు సగం విద్య వచ్చినట్టే. ఒక్కసారి గొంతును మాత్రమే వినండి. ట్రేసీ థోర్న్ గొంతు ఉత్సాహపడదు. కింద కిక్ ఎంత తొందరపెట్టినా ఆమె తన అడుగు తాను వేస్తుంది. రెండోసారి కిక్‌ను మాత్రమే వినండి. అది ఎవరి కోసమూ ఆగదు. ఆగని దరువుకీ, కదలని గొంతుకీ మధ్య ఉన్న ఆ దూరమే పాటకు ప్రాణం. మూలంలో ఆమె ఆ వీధిలో నిలబడిపోయింది. రీమిక్స్‌లో కాలం ముందుకు పోతోంది, ఆమె మాత్రం ఇంకా అక్కడే ఉంది. నాకైతే రీమిక్స్‌లోనే దిగులు ఎక్కువగా వినబడుతుంది. మీకు వేరుగా అనిపిస్తే ఏ క్షణంలో అనిపించిందో రాసుకోండి.

అసలు ఈ రీమిక్స్ ఎక్కడ మొదలైందో క్లుప్తంగా చెబుతాను. 1970ల న్యూయార్క్ డిస్కోలో మూడు నిమిషాల పాట నాట్యం చేసేవాళ్లకు చాలేది కాదు. అక్కడ టామ్ మౌల్టన్ అనే రీమిక్స్ నిపుణుడు పాటలను టేపు మీద సాగదీసి, మధ్యలో డ్రమ్ములు మాత్రమే మిగిలే చోట్లు కల్పించాడు. 1976లో డీజే వాల్టర్ గిబ్బన్స్ డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట ‘టెన్ పర్సెంట్’ను దాదాపు పది నిమిషాలకు పెంచాడు. అంగళ్లలో అమ్మకానికి వచ్చిన తొలి 12 అంగుళాల సింగిల్‌గా, అంటే ఒక్క పాట కోసం వేసిన పెద్ద రికార్డుగా చెప్పుకునేది దాన్నే. ఈ సాగదీత కళకు శిఖరం కావాలంటే, డోనా సమ్మర్ 1977లో పాడిన ‘ఐ ఫీల్ లవ్’కు శాన్‌ఫ్రాన్సిస్కో సంగీతకారుడు ప్యాట్రిక్ కౌలీ చేసిన రూపం వినండి. పదిహేను నిమిషాల పైన ఉంటుంది. ఆ పాటను తయారుచేసిన నిర్మాతలు జార్జియో మొరోడర్, పీట్ బెలోట్‌ల మూలాన్ని అతను మార్చినట్టే ఉండదు. గదిలోకి గదిలోకి తీసుకువెళ్తూ అదే ఇంట్లో తిప్పుతాడు. తాళం వేస్తూ వింటే ఎప్పుడు కొత్త గదిలోకి వచ్చారో మీ చేతికి ముందే తెలుస్తుంది.

ఇక కొత్త పాటలు. ఈ మధ్య వచ్చినవాటిలో రీమిక్స్ అనే మాటకే కొత్త అర్థం తెచ్చింది బ్రిటిష్ గాయని చార్లీ ఎక్స్‌సీఎక్స్. ఆమె ‘బ్రాట్’ ఆల్బమ్ 2024 జూన్‌లో వచ్చింది. అందులో ఒక పాటలో, తనలాంటి ఇంకొక గాయనితో తన స్నేహం ఎటూ తేలకుండా ఉందని పాడింది. ఆమెకు నేనంటే ఇష్టమో కాదో తెలియడం లేదు అంటుంది. అదే నెలలో ఆ పాటకు రీమిక్స్ వచ్చింది. అందులో ఆ రెండో గాయని, న్యూజిలాండ్‌కు చెందిన లార్డ్, స్వయంగా వచ్చి తన వైపు కథ చెప్పింది. ఆ రోజుల్లో తన శరీరంతో తనకే పోరాటంగా ఉండేదని, అందుకే దూరంగా ఉండిపోయానని.

దరువు పెద్దగా మారలేదు. మారింది పాట అర్థం. మూలం ఉత్తరమైతే ఇది జవాబు. రెండూ పక్కపక్కన వినాల్సిందే. ‘వదిలినవి’ వైపు నేను ‘అనుమానం’ అని రాసుకున్నాను. అదే ఏడాది అక్టోబరులో ఆల్బమ్ మొత్తానికి ఇలా వేరే కళాకారులతో కలిసి చేసిన రూపాలు వచ్చాయి. వాటిలో కొన్ని మూలాన్ని గుర్తుపట్టలేనంతగా మారాయి. అన్నీ నాకు నచ్చలేదు కానీ, ఏ ఒక్కటీ బద్ధకంగా చేసినది కాదు.

బద్ధకమైన రీమిక్స్‌లు ఎలా ఉంటాయో కూడా తెలియాలి, ఎందుకంటే మీకు ఎక్కువగా ఎదురయ్యేవి అవే. పాట వేగం పెంచి, గొంతును సన్నగా చేసి, కింద అదే కిక్ వేసి వదిలేస్తారు. పరీక్ష సులువు. ఆ గొంతు తీసేసి వేరే ఏ పాట గొంతు పెట్టినా ఆ సంగీతానికి తేడా రాదనిపిస్తే, చేసినవాళ్లు పాటను వినలేదన్నమాట. ఒకే ఒక్క అక్షరం ఉంచి మిగతాదంతా వదిలేసిన మంచి టెక్నో రీమిక్స్‌లూ ఉన్నాయి. అక్కడ చూడాల్సింది ఆ ఒక్క అక్షరాన్నే ఎందుకు ఎంచుకున్నారని.

మన ఊరేగింపు డీజే పాటలకు ఇదే పరీక్ష పెట్టండి. మన జానపద గీతాల్లో తిశ్ర నడకవి ఎన్నో ఉన్నాయి. ప్రతి దెబ్బా లోపల మూడుగా విడిపోతుంది, అందుకే ఒళ్లు దానంతట అదే ఊగుతుంది. నాలుగు దెబ్బల కిక్‌కు దీనితో వైరం లేదు. కిక్ దెబ్బ మీద పడుతుంటే, పైన చిన్న వాయిద్యాలు ఆ దెబ్బను మూడుగా పంచుతుండాలి. అలా పంచకుండా, దెబ్బను రెండుగానూ నాలుగుగానూ కోసే చప్పుళ్లను తెచ్చి అతికిస్తే పాటలోని ఊపు చచ్చిపోతుంది. ఆమె పాడుతుంటుంది, డ్రమ్ములు ఇంకొక పాట వాయిస్తుంటాయి. ఈసారి ఊరేగింపు వీధిలోకి వచ్చినప్పుడు దెబ్బకు మూడు లెక్కపెడుతూ ఒక నిమిషం నిలబడండి. లెక్క కుదిరితే ఆ డీజేకు చెవి ఉన్నట్టు.

ఈ వారం అభ్యాసం. మొదటి రెండు రోజులు ‘టామ్స్ డైనర్’ రెండు రూపాలూ, తర్వాతి రెండు రోజులు ‘మిస్సింగ్’ రెండు రూపాలూ వినండి. ప్రతిసారీ మూలమే ముందు. రోజుకు ఒక్కొక్కటి మూడుసార్లకు మించి వద్దు, చెవి మొద్దుబారుతుంది. ఐదో రోజు మీకు బాగా తెలిసిన ఏదైనా పాటకు వచ్చిన కొత్త రీమిక్స్‌ను మీరే ఎంచుకుని పేజీ నింపండి. పది సెకన్లు విని నచ్చలేదని ఆపవద్దు, కనీసం మూడుసార్లు 32 దెబ్బలు పూర్తి కానివ్వండి. క్లబ్బు కోసం చేసిన రూపాల్లో మొదటి నిమిషం తరచూ డ్రమ్ములే ఉంటాయి. ముందు నడుస్తున్న పాటతో డీజే దాన్ని కలపడానికి వదిలిన చోటు అది. గొంతు ఆ తర్వాతే వస్తుంది.

వచ్చే పాఠం టీబీ–303 అనే చిన్న వెండిరంగు పెట్టె గురించి, బేస్ స్వరాలు పలికే ఎలక్ట్రానిక్ వాయిద్యం అది. ముంబై సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో ఆ పెట్టెను కూడా వాడుకుని పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువుతో వాయించి ఒక రికార్డు చేశాడు. షికాగోలో అదే పెట్టెతో యాసిడ్ హౌస్ అనే హౌస్ శాఖ పుట్టడానికి ఐదేళ్ల ముందు సంగతి ఇది. వచ్చే వారం లోపు అందులోని భూపాలి, మాల్‌కౌన్స్ విని ఉంచండి. మన మోహన, హిందోళం తెలిసినవాళ్లకు ఆ రెండు చోట్ల దారి తప్పదు.