చలికాలంలో రాడాన్ అంకె పెరుగుతోందా? కారణాలు, పరిష్కారాలు

రాడాన్ నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు. దానికి రంగూ వాసనా లేవు. ఇంట్లో ఎవరికీ దగ్గు రాదు, తలనొప్పి రాదు. ఏళ్ల తరబడి పీలిస్తే మాత్రం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, పొగతాగేవారికి మరీ ఎక్కువ. కనుక కొలిస్తేనే తెలుస్తుంది. ఘనపు మీటరు గాలిలో 100 బెక్వెరెల్‌ల (రేడియోధార్మికతకు కొలమానం) లోపు ఉంచాలనీ, అది కుదరని చోట కూడా 300 దాటనివ్వొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కెనడాలో 200, అమెరికాలో 148 దాటితే మరమ్మతు చేయించమంటారు.

సమస్య: వేసవిలో తక్కువ, చలికాలంలో రెట్టింపు.
వెచ్చని గాలి పైకి లేచి పైకప్పు సందుల్లోంచి పోతుంటే, ఆ లోటు తీర్చడానికి బేస్‌మెంట్ మట్టిలోని వాయువును లోపలికి పీల్చుకుంటుంది. ఇంటి చుట్టూ నేల గడ్డకట్టడంతో ఆ వాయువుకు బయటి దారీ మూసుకుపోతుంది. ఒక్కరోజు అంకెతో కంగారు పడకండి, నిశ్చింతగానూ ఉండకండి. రాడాన్‌ను మూడు నెలల పాటు కొలిచే ఆల్ఫా ట్రాక్ కిట్‌ను చలికాలంలోనే పెట్టండి. రోజుకు నాలుగు గంటలైనా మనుషులు గడిపే అన్నింటికన్నా కింది గదిలో, నేలకు మీటరు ఎత్తున ఉంచాలి. కిటికీ, హీటర్ గాలి, వంటగది, స్నానాలగది దగ్గర వద్దు. తొందరైతే 2 నుంచి 7 రోజుల్లో కొలిచే బొగ్గు కిట్ ఉంది. దానికి 12 గంటల ముందు నుంచే ఇల్లంతా కిటికీలు మూసి ఉంచాలి.

సమస్య: పగుళ్లు పూడ్చినా అంకె దిగలేదు.
పీల్పు అలాగే ఉంది కాబట్టి వాయువు ఇంకో సందు వెతుక్కుంటుంది. గోడకూ నేలకూ మధ్య అతుకు, సంప్ గుంత (నేల కింది నీరు చేరే గుంత), పైపుల రంధ్రాలు చూడండి. అసలు మందు కాంక్రీటు కింది నుంచే వాయువును లాగేయడం: నేలకు రంధ్రం చేసి, కింద మట్టి కొంత తోడి, 10 సెంటీమీటర్ల పీవీసీ పైపు దించి, రాత్రీపగలూ తిరిగే ఫ్యాన్‌తో పైకప్పు మీదుగా వదలాలి. సంప్‌కు గాలి చొరబడని మూత తప్పనిసరి. బేస్‌మెంట్ గాలిని బయటికి తోసే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే పీల్పు ఇంకా పెరుగుతుంది.

సమస్య: ఫ్యాన్ ఉన్నా అంకె మళ్లీ పెరిగింది.
పైపుకున్న యూ గొట్టం (ఫ్యాన్ లాగుడును ద్రవం ఎత్తుల తేడాతో చూపే చిన్న గొట్టం) చూడండి. రెండు వైపులా ద్రవం సమంగా ఉంటే లాగుడు లేదు: కరెంటు పోయి ఉండాలి, ఫ్యాన్ చెడి ఉండాలి, లేదా పైన పైపు మూతి మంచుతో మూసుకుపోయి ఉండాలి. తేడా మామూలుకన్నా పెరిగితే, ఆ గొట్టం ఉన్నచోటికి కింద పైపులో ఏదో అడ్డుపడింది, బహుశా పల్లంలో నిలిచిన నీరు. మట్టి గాలిలో తేమ ఎక్కువ. బయటి గోడ వెంబడి పోయే పైపులో అది గడ్డకడుతుంది. పైపును ఇంటి లోపలి నుంచే తీసుకెళ్లి, అటకలో ఇన్సులేషన్ చుట్టి, అడ్డంగా పోయే భాగాలను నీరు మట్టిలోకి జారేలా వాలుగా పెట్టించండి.

ఫ్యాన్ పెట్టాక ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పొగ వెనక్కి తన్నుతోందేమో నిపుణుడితో చూపించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించండి. 24 గంటలు గడిచాక కొద్ది రోజుల పరీక్ష, వచ్చే చలికాలంలో మూడు నెలల పరీక్ష చేయండి. అన్నీ సరిగా ఉన్నా తగ్గకపోతే, బావి నీరు వాడే ఇళ్లలో నీటినీ పరీక్షించాలి. షవర్ నీటి నుంచి కూడా రాడాన్ గాలిలో కలుస్తుంది.